గీజరు ఎన్ని ఆంపియర్లు లాగుతుంది? సింగిల్ ఫేజుకీ త్రీ ఫేజుకీ లెక్క ఎలా కట్టాలి

కార్తీక మాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో మా షాపు ముందు ఒకటే ప్రశ్న. తెల్లారకముందే తలస్నానాలు చేసే ఇళ్లలో గీజరుకి పని పెరుగుతుంది. దాంతోపాటే "బావూ, ఇది ఎన్ని ఆంపియర్లు లాగుద్ది? ఏ వైరు వెయ్యాల?" అని అడిగేవాళ్లూ పెరుగుతారు. సంక్రాంతికి కూతుళ్లూ అల్లుళ్లూ దిగేసరికి ఆ ప్రశ్నే "రెండు గీజర్లు ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోతంది, ఏటి చెయ్యాల?" అని మారుతుంది (ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే బోర్డు స్విచ్చి). రథసప్తమి దగ్గర పడితే అరసవల్లిలో లాడ్జీలు నడిపేవాళ్లు త్రీ ఫేజు హీటరు గురించి కబురు పెడతారు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి బిల్లు కాగితం వెనక లెక్క వేసి ఇచ్చాను. ఇక ఒక్కచోట రాసేద్దామని కూర్చున్నాను.

కిందటేడు ఒకాయన వచ్చి 25 ఆంపియర్ల ఎంసీబీ కావాలన్నాడు. ఎందుకండీ అంటే, కొన్నది 25 లీటర్ల గీజరు కదా అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, పైకి అనకపోయినా చాలామంది మనసులో ఉన్నది అదే. లీటర్లకీ ఆంపియర్లకీ సంబంధం లేదు. 15 లీటర్లదీ 25 లీటర్లదీ రెండూ 2000 వాట్లవే అయితే రెండూ ఒకే కరెంటు లాగుతాయి. పెద్దది ఎక్కువసేపు లాగుతుంది, అంతే. అదే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చూడ్డానికి చంటిపిల్లలా ఉంటుంది, 3000 వాట్లతో వాటి రెండింటినీ మించిపోతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- గీజరు మీద ఉన్న రేటింగ్ స్టిక్కరు, లేదా దాన్ని ఫోనుతో తీసిన ఫోటో. గోడకి బిగించాక స్టిక్కరు పక్కకో కిందకో పోతుంది కాబట్టి బిగించకముందే ఫోటో తీసుకోవడం మంచిది.
- ఫోనులో ఉండే మామూలు కాలిక్యులేటర్.
- మల్టీమీటరు. లేకపోతే లెక్క ఆగదు, సరిచూసుకోవడమే కష్టమవుతుంది.
- ఉంటే క్లాంప్ మీటరు, అంటే వైరు విప్పకుండా చుట్టూ పెడితే ఆంపియర్లు చూపించేది. మన వైర్‌మెన్ చాలామంది దీన్నే టాంగ్ టెస్టరు అంటారు. కొనక్కర్లేదు, ఒక గంట అడిగి తెచ్చుకున్నా చాలు.

ఒక హెచ్చరిక ముందే చెప్పేస్తాను. లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. బోర్డు విప్పడం, వైరు కలపడం మాత్రం లైసెన్సున్న వైర్‌మన్ పని. తడి చేతులతో, తడి నేల మీద, చెప్పులు లేకుండా బాత్రూంలో మీటరు పట్టుకుని ప్రయోగాలు చెయ్యకండి.

1. స్టిక్కరు చదవండి

మీకు కావాల్సినవి రెండే: వాట్లు, వోల్టులు. 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటుంది. 2 కిలోవాట్లు అని ఉంటే 2000 వాట్లే. కొన్నిటి మీద 240 వోల్టులు అనీ, కొన్నిటి మీద 220 నుంచి 240 వరకు అనీ ఉంటుంది. అలా రెండు సంఖ్యలు ఉంటే 230 పెట్టుకుని లెక్క కట్టండి. త్రీ ఫేజు హీటరు అయితే 400 లేదా 415 వోల్టులు అని ఉంటుంది. ఆ 415 పాత లెక్క. ఇప్పుడు మన దేశంలో ప్రామాణికం సింగిల్ ఫేజుకి 230, త్రీ ఫేజుకి 400.

స్టిక్కరు చెరిగిపోయిందా? బాత్రూం ఆవిరికి అది మామూలే. అప్పుడు మెయిన్ ఆపేసి, గీజరు కనెక్షన్ విడదీయించి, కాయిల్ రెండు కొనల మధ్య మల్టీమీటరుతో ఓములు చూడండి. 52900ని ఆ ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి. 52900 అంటే 230ని 230తో గుణించినది. మీటరు 26 లేదా 27 చూపిస్తే అది 2000 వాట్లది. 17 లేదా 18 అయితే 3000. 35 దగ్గర ఉంటే 1500. 53 అయితే 1000 వాట్లు, బకెట్లో వేసే చిన్న రాడ్డు. ఏమీ చూపించకపోతే కాయిల్ పోయింది, ఆంపియర్ల లెక్క వదిలేసి ముందు దాని సంగతి చూడండి.

2. హీటరు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా తేల్చుకోండి

నా దగ్గరికి వచ్చే లెక్కల్లో సగం ఇక్కడే తప్పుతాయి. ఇంటికి త్రీ ఫేజు మీటరు ఉన్నంత మాత్రాన గీజరు త్రీ ఫేజుది అయిపోదు. త్రీ ఫేజు మీటరు అంటే మీ ఇంట్లోకి మూడు సింగిల్ ఫేజులు వచ్చాయి అనుకోండి. బాత్రూంలో గీజరు వాటిలో ఒకదాని మీదే, ఒక ఫేజు, ఒక న్యూట్రల్ మధ్య నడుస్తుంది. దానికి సింగిల్ ఫేజు లెక్కే.

గుర్తు పట్టడం ఎలా? మూడు పిన్నుల ప్లగ్గుతో వస్తే సింగిల్ ఫేజు, సందేహం అక్కర్లేదు. లోపల మూడు కాయిళ్లు ఉండి, మూడు ఫేజు వైర్లూ ఎర్తూ, కొన్నిసార్లు న్యూట్రల్ కూడా లోపలికి వెళ్తుంటే అది త్రీ ఫేజు. లాడ్జీలు, హాస్టళ్లు, కల్యాణ మండపాల మేడ మీద పెద్ద ట్యాంకుతో ఉండేవి ఎక్కువగా ఇవే.

3. సింగిల్ ఫేజు లెక్క

వాట్లను వోల్టులతో భాగించండి. వచ్చినదే ఆంపియర్లు.

1000 ÷ 230 = 4.35
1500 ÷ 230 = 6.5
2000 ÷ 230 = 8.7
3000 ÷ 230 = 13
4500 ÷ 230 = 19.6

కాలిక్యులేటర్ లేకపోతే ఒక్క సంఖ్య గుర్తు పెట్టుకోండి: కిలోవాటుకి 4.35 ఆంపియర్లు. దాన్ని కిలోవాట్లతో గుణించడమే.

ఇక్కడ పవర్ ఫ్యాక్టర్ అని ఎవరైనా 0.8తో భాగించమంటే వినకండి. అది మోటార్ల లెక్క. గీజర్లో ఉన్నది కాయిల్ ఒక్కటే కాబట్టి పవర్ ఫ్యాక్టర్ 1. 0.8 పెడితే 2000 వాట్ల గీజరుకి 10.9 వస్తుంది, ఉన్నదానికన్నా పావు వంతు ఎక్కువ. వైరు మందం పెరగడం వల్ల ప్రమాదం లేదు గానీ, తరవాత టాంగ్ టెస్టరు పెట్టి 8.7 చూసి "కాయిల్ బలహీనపడింది" అని కొత్తది కొనిపించే మహానుభావులు ఉంటారు. హీట్ పంపు రకం వాటర్ హీటర్లకి ఈ పద్ధతి పనికిరాదు, వాటిలో కంప్రెసర్ ఉంటుంది. వాటికి స్టిక్కరు మీద రాసిన ఆంపియర్లే తీసుకోండి.

ఇంకో చిన్న లెక్క. 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది. హాల్లో ఫోను ఛార్జింగు పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. అరే, అర ఆంపియరే కదా అనిపిస్తుంది. చలికాలం రోజూ ఇరవై నిమిషాలు అలా నడిపిన సాకెట్లు లోపల ఎలా ఉంటాయో మా షాపులో ఒక డబ్బా నిండా ఉన్నాయి, చూపిస్తాను. పిన్ను పట్టుకునే ఇత్తడి రేకు రంగు మారి, స్ప్రింగు లూజై, చుట్టూ ప్లాస్టిక్ బెల్లంపాకంలా కారి గడ్డకట్టి ఉంటుంది. రాడ్డుకైనా సరే, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే వాడండి.

4. త్రీ ఫేజు లెక్క

మొత్తం వాట్లను 1.732తో, ఫేజుకీ ఫేజుకీ మధ్య ఉన్న వోల్టులతో భాగించండి. 400 వోల్టులకి 1.732 × 400 = 693. అంటే వాట్లను 693తో భాగిస్తే చాలు.

6000 ÷ 693 = 8.7
9000 ÷ 693 = 13
12000 ÷ 693 = 17.3

ఇవి ఒక్కో ఫేజు వైరులో పారే ఆంపియర్లు. మూడిట్లోనూ అంతే ఉంటుంది. మూడూ కూడకండి. గుర్తు పెట్టుకోవాలంటే, త్రీ ఫేజుకి కిలోవాటుకి 1.44 ఆంపియర్లు.

1.732 మీద నమ్మకం కుదరనివాళ్లకి వేరే దారి ఉంది. 6000 వాట్ల త్రీ ఫేజు హీటరులో 2000 వాట్ల కాయిళ్లు మూడు ఉంటాయి. ఒక్కో కాయిల్ ఒక ఫేజు, న్యూట్రల్ మధ్య ఉందనుకోండి. 2000 ÷ 230 = 8.7. పైన వచ్చిందీ అదే. ఎప్పుడు సందేహం వచ్చినా ఇలా మూడో వంతు చేసి 230తో భాగించి చూసుకోండి, రెండు దారులూ ఒకే ఊరికి చేరాలి.

అరసవల్లి దగ్గర ఒక లాడ్జికి 9 కిలోవాట్ల హీటరు పెడుతున్నప్పుడు యజమాని చేతిలో రెండు లెక్కలు ఉన్నాయి. ఒకరు 9000ని 230తో భాగించి 39 ఆంపియర్లన్నారు. ఆ లెక్కన మేడ మీద దాకా చేతి వేలంత వైరు లాగాలి. ఇంకొకరు 9000ని 400తో, మళ్లీ 3తో భాగించి 7.5 అన్నారు. ఆ లెక్కన 10 ఆంపియర్ల ఎంసీబీ చాలు. అసలు సంఖ్య 13. మొదటిది డబ్బు దండగ. రెండోది అలా కాదు, 10 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతూ ఉంటుంది, యాత్రికులు చన్నీళ్లు పోసుకుంటారు. ఆ తరవాత ఎవరో ఒకరు చిన్న వైరు అలాగే ఉంచి పెద్ద ఎంసీబీ బిగిస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

స్టార్ కనెక్షనా డెల్టానా అని అడుగుతారు. మూడు కాయిళ్ల ఒక్కో కొన ఒక్కచోట కలిపితే స్టార్, ఒక్కో కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉంటే డెల్టా. మొత్తం కిలోవాట్లు తెలిస్తే లైను ఆంపియర్లకి ఆ తేడా అక్కర్లేదు, రెంటికీ లెక్క ఒకటే. కాయిల్ మార్చేటప్పుడు మాత్రం ప్రాణం మీదకి వచ్చే తేడా ఉంది. స్టార్‌లో ఒక్కో కాయిల్ మీద 230 వోల్టులు పడతాయి, డెల్టాలో 400. 230 వోల్టుల కాయిళ్లు మూడు తెచ్చి డెల్టాలో కలిపితే ఒక్కోటి మూడు రెట్లు వాట్లు లాగుతుంది. 6 కిలోవాట్ల హీటరు 18 కిలోవాట్లదవుతుంది, ఎంసీబీ ఆపకపోతే కాసేపట్లో కాయిళ్లు మాడిపోతాయి. తిరగేసి 400 వోల్టుల కాయిళ్లను స్టార్‌లో కలిపితే వేడి మూడో వంతుకి పడిపోతుంది, "కొత్త కాయిళ్లు వేసినా నీళ్లు కాగట్లేదు" అంటారు. పాత కాయిల్ మీద రాసిన వోల్టులు చూడకుండా కొత్తది కొనకండి. టెర్మినళ్ల మీద ఇత్తడి పట్టీలు ఎలా బిగించి ఉన్నాయో విప్పకముందే ఫోటో తీసుకోండి.

5. మీ ఇంటి వోల్టేజీతో సరిచెయ్యండి

ఊరి చివరి ఇళ్లకి, లైను ఆఖరున ఉన్న పల్లెలకి ఈ అంచె ముఖ్యం. టౌనులో స్తంభం పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లు దీన్ని వదిలేసినా ఫరవాలేదు.

లో వోల్టేజీ ఉంటే గీజరు ఎక్కువ కరెంటు లాగుతుందని చాలామంది అంటారు. మోటారు సంగతి అది. వోల్టేజీ పడిపోయినా మోటారు అదే బరువు లాగాలి కాబట్టి ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది. గీజరులో ఉన్నది ఓములు మారని కాయిల్. వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది. 180 వోల్టులే వస్తున్నాయని 2000ని 180తో భాగించి 11 ఆంపియర్లు అనకండి. అలా భాగించినప్పుడు అది ఇంకా 2000 వాట్లే లాగుతోందని మీరు అనుకున్నట్టు. అది నిజం కాదు.

సరైన పద్ధతి: స్టిక్కరు లెక్కలో వచ్చిన ఆంపియర్లను ఇంట్లో ఉన్న వోల్టులతో గుణించి, స్టిక్కరు మీది వోల్టులతో భాగించండి.

8.7 × 180 ÷ 230 = 6.8 ఆంపియర్లు.

వాట్లు రెండుసార్లు తగ్గుతాయి, కరెంటు వైపునుంచి ఒకసారి, వోల్టేజీ వైపునుంచి ఒకసారి. 6.8 × 180 అంటే సుమారు 1225 వాట్లు. 25 డిగ్రీల నీళ్లు 25 లీటర్లు 60 డిగ్రీలకి కాగాలంటే 2000 వాట్లతో అరగంట పడుతుంది. 1225 వాట్లతో 50 నిమిషాలు. "గీజరు పాడైంది" అని తెచ్చేవాటిలో కొన్ని గీజర్లకి ఏమీ కాలేదు, వోల్టేజీయే లేదు.

వోల్టేజీ ఎక్కువైతే దీనికి ఎదురు. 250 వస్తే 8.7 కాస్తా 9.5 అవుతుంది. ఎంసీబీ, వైరు ఎంచుకోవడానికి ఎప్పుడూ ఈ ఎక్కువ వైపే చూసుకోవాలి.

ఇక న్యూట్రల్ లూజైతే లెక్కలన్నీ తలకిందులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత చాలా రోజులు ఉద్దానం వైపు పనులు చేశాను. ఒక ఇంట్లో త్రీ ఫేజు మీటరు. ఒక గదిలో లైటు గుడ్డిదీపంలా ఉంది, పక్క గదిలో కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. మీటరు పెడితే ఒక ఫేజు మీద 150, ఇంకో దాని మీద 290. సర్వీసు వైరు దగ్గర న్యూట్రల్ జాయింటు ఉప్పుగాలికి తుప్పు పట్టి వదిలేసింది. 290 మీద 2000 వాట్ల గీజరు 11 ఆంపియర్లు, 3180 వాట్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, ఏమీ అనదు. మీ ఇంట్లో ఒక చోట దీపాలు మందగించి ఇంకో చోట మరీ వెలుగుతుంటే గీజరు లెక్క తరవాత, వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌ని పిలవండి.

6. ఎంసీబీ, వైరు ఎంచుకోండి

వచ్చిన ఆంపియర్లకి పావు వంతు కలపండి, అంటే 1.25తో గుణించండి. దానికి పైనున్న సైజు ఎంసీబీ తీసుకోండి. దొరికే సైజులు 6, 10, 16, 20, 25, 32. తరవాత ఎంసీబీ అంకెకన్నా వైరు మొయ్యగలిగేది ఎక్కువ ఉండేలా చూడండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. గీజరును కాదు.

పైపులో వేసిన రాగి వైరు మొయ్యగలిగేది దాదాపు ఇంత: ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు 13 ఆంపియర్లు, రెండున్నర 18, నాలుగు 24, ఆరు 31. కంపెనీని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది, వైరు చుట్ట అట్టపెట్టె మీదో వాళ్ల పట్టికలోనో చూసుకోండి.

2000 వాట్లకి: 8.7 × 1.25 = 10.9. ఎంసీబీ 16, వైరు రెండున్నర.

3000 వాట్లకి: 13 × 1.25 = 16.3. ఇక్కడ కొంచెం బుర్ర పెట్టాలి. ప్లగ్గుతో వాడితే సాకెట్టే 16 ఆంపియర్లది కాబట్టి ఎంసీబీ కూడా 16 దాటకూడదు; 13 ఆంపియర్లకి అది సరిపోతుంది. ప్లగ్గు లేకుండా, ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి ఆపే డబుల్ పోల్ స్విచ్ ద్వారా నేరుగా కలిపితే 20 పెట్టుకోవచ్చు. వైరు రెండు పద్ధతుల్లోనూ నాలుగు వేస్తాను నేను. 20 ఎంసీబీకి రెండున్నర చాలదు; 16కి చాలుతుంది గానీ, గోడ పగలగొట్టి మళ్లీ లాగే పని ఎవరికి కావాలి?

4500 వాట్లకి: 19.6 × 1.25 = 24.5. ఎంసీబీ 25, వైరు ఆరు. దీనికి ప్లగ్గూ సాకెట్టూ అనే మాటే వద్దు.

త్రీ ఫేజు 9 కిలోవాట్లకి లైనుకి 13 కాబట్టి నాలుగు పోళ్ల ఎంసీబీ 20, వైరు నాలుగు. మూడు విడి ఎంసీబీలు పెట్టకండి. ఒకటి పడినా మిగతా రెండు నడుస్తుంటాయి, ఆపేశామనుకుని లోపల చెయ్యి పెట్టేవాడికి షాకు. ఇంత లోడు కొత్తగా పెడుతుంటే మీ శాంక్షన్ లోడు, అంటే మీ కనెక్షన్‌కి అనుమతించిన లోడు, ఎంతో కరెంటాఫీసులో ముందే కనుక్కోండి.

వీటితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎంసీబీ ఎక్కువ లోడుకి పడుతుంది, మనిషికి షాకు కొట్టినంత మాత్రాన పడదు. ఆర్‌సీసీబీ దానికోసమే. అది పడుతోందని తీసేయించి నేరుగా కలిపించుకునేవాళ్లు ఉన్నారు. మన బోరు నీళ్ల ఉప్పు కాయిల్ మీద పొరలు కట్టి, పైగొట్టం చిట్లి, నీళ్లలోకి కరెంటు దిగుతోందని అది చెబుతోంది.

7. రెండు మూడు గీజర్లు ఉంటే

త్రీ ఫేజు మీటరు ఉన్న ఇంట్లో మూడు 2000 వాట్ల గీజర్లూ ఒకే ఫేజు మీద ఉంటే ఆ ఫేజు మీద 26 ఆంపియర్లు. దానికి మోటారో ఇస్త్రీపెట్టో తోడైతే ఎంసీబీ పడుతుంది. అదే ఫేజుకి ఒకటి చొప్పున పంచితే ఒక్కోదాని మీద 8.7. మూడూ ఒకేసారి నడిస్తే న్యూట్రల్‌లో గీజర్ల కరెంటు దాదాపు సున్నా. సంక్రాంతి గొడవ చాలా ఇళ్లలో ఇలా వైర్లు అటూ ఇటూ మార్చగానే తీరిపోయింది, పైసా సామాను కొనకుండా.

సింగిల్ ఫేజు మీటరు ఇంట్లో పంచడానికి ఏమీ లేదు. రెండు గీజర్లు అంటే 17.4. వంతులవారీగా వేసుకోండి, లేదా త్రీ ఫేజుకి దరఖాస్తు పెట్టుకోండి.

8. వచ్చిన లెక్క సరేనా? చూసుకునే పద్ధతులు

టాంగ్ టెస్టరు ఉంటే, గీజరు వేడెక్కుతున్నప్పుడు, అంటే ఎర్ర దీపం వెలుగుతున్నప్పుడు, ఫేజు వైరు ఒక్కదాని చుట్టూ క్లాంపు పెట్టండి. మొత్తం కేబుల్ చుట్టూ పెడితే సున్నా వస్తుంది, ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. "మీటరు పాడు" అని నాకు తిరిగిచ్చిన కుర్రాడు చేసింది అదే. లెక్కకీ మీటరుకీ ఐదారు శాతం తేడా మామూలే. అదే సమయంలో వోల్టేజీ కూడా చూస్తే ఆ తేడా ఎందుకో తెలిసిపోతుంది.

త్రీ ఫేజులో మూడు వైర్లూ విడివిడిగా చూడండి. 9 కిలోవాట్ల దానికి 13, 13, 13 రావాలి. రాకపోతే ఆ అంకెలే జబ్బు చెబుతాయి:

- 13, 13, 0 వచ్చి న్యూట్రల్‌లో కూడా 13 ఉంటే: న్యూట్రల్ ఉన్న స్టార్, ఒక కాయిల్ పోయింది లేదా ఒక ఫేజు రావట్లేదు. 6 కిలోవాట్లే నడుస్తోంది.
- 11, 11, 0 వస్తే: న్యూట్రల్ లేని స్టార్, ఒక కాయిల్ లేదా ఫేజు లేదు; లేకపోతే డెల్టా, ఒక ఫేజు రావట్లేదు. సగం వేడే.
- 13, 7.5, 7.5 వస్తే: డెల్టా, ఒక కాయిల్ పోయింది.

టాంగ్ టెస్టరు లేదా? ఇంటి మీటరే చాలు. ఇంట్లో గీజరు తప్ప అన్నీ ఆపండి, ఫ్రిజ్జు, ఇన్వర్టర్ మర్చిపోకండి. మీటరు మీద మెరిసే ఎర్ర చుక్క ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. వేగంగా ఉంటే ఫోనులో వీడియో తీసి తరవాత నెమ్మదిగా నడిపి చూసుకోండి. మీటరు ముఖం మీద యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. నిమిషంలో వచ్చిన మెరుపులను 60000తో గుణించి ఆ సంఖ్యతో భాగిస్తే వాట్లు వస్తాయి. 1600 మీటరు మీద 53 మెరుపులు వస్తే 53 × 60000 ÷ 1600 = 1987 వాట్లు. మీ 2000 వాట్ల గీజరు సరిగ్గా ఉంది. 30 దగ్గరే ఆగితే వోల్టేజీ చూడండి, అది బాగుంటే అసలు మీకు అమ్మినది ఎన్ని వాట్లదో స్టిక్కరు మళ్లీ చూడండి.

తరవాత జాయింట్ల పరీక్ష. గీజరు ఆపినప్పుడు సాకెట్టు దగ్గర వోల్టేజీ ఎంత, నడుస్తున్నప్పుడు ఎంత, వైర్‌మన్ చేత చూపించుకోండి. 20 మీటర్ల రెండున్నర వైరు మీద 8.7 ఆంపియర్లకి మూడు వోల్టులు పడటం సహజం. ఏడెనిమిది దాటితే మీటరు బోర్డు దగ్గర కూడా చూడండి. అక్కడా పడిపోతే లోపం బయటి లైనులో ఉంది. అక్కడ బాగుండి బాత్రూంలో పడిపోతే ఇంట్లోనే ఎక్కడో సన్న వైరో లూజు జాయింటో ఉంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో నేను ముందు టెర్మినల్ స్క్రూలే విప్పి చూస్తాను. పచ్చగా చిలుం పట్టి ఉంటే తుడిచి, వైరు కొన కోసి, కొత్తగా బిగిస్తాను.

చివరిది, మీటరు అక్కర్లేని పరీక్ష. గీజరు ఇరవై నిమిషాలు నడిచాక స్విచ్ ఆపండి, పొడి చేతి వెనకభాగంతో ప్లగ్గు టాప్‌ని తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల దగ్గర నల్లబడినా, వాసన వస్తున్నా మీ ఆంపియర్ల లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా సరే, ఆ ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చేదాకా ఆ గీజరు వెయ్యకండి. ఒక్క ప్లగ్గే మార్చి ఊరుకుంటే, లూజైన పాత సాకెట్టు కొత్త ప్లగ్గుని కూడా వారంలో నల్లగా చేసేస్తుంది.